మూల మడిచిన ముక్క

పేకముక్కల గారడీ చేసేవాడికి, గుట్టు రట్టు చేసే బావమరిదిని మించిన వరం లేదు! నవ్వకండి. మోత్కూరు బడిలో లెక్కలు చెప్పే రామచంద్రం అనుభవం మీద అంటున్న మాట ఇది. ఈ వ్యాసం రాస్తున్నదీ ఆ రామచంద్రమే కనుక సాక్ష్యానికి లోటు లేదు.

రామచంద్రం పుట్టిందీ పెళ్ళాడిందీ గొర్రెలు కాసే ఇళ్ళలోనే. అయినా చదువు పుణ్యమా అని ఒక గొర్రెకూ మరో గొర్రెకూ తేడా తెలియదు. ఇక అత్తగారింట్లో ఆయన పరువెంతో వేరే చెప్పాలా? ఆ పరువు కాస్త పెంచుకుందామనే ఏడేళ్ళు అద్దం ముందు నిలబడి, ఎవరు తీసిన ముక్కనైనా పట్టిచ్చే విద్య సాధించాడు. రహస్యం ఒక్కటే. ముక్క తిరిగి చేతికి రాగానే బొటనవేలితో మూల రవ్వంత మడిచి కట్టలో కలపాలి. ఇంట్లో భార్య నర్సింగమ్మ ప్రతిసారీ "అబ్బా!" అని నోరు తెరిచేది. ఆ ఒక్క "అబ్బా"తో ఆయన వారం రోజులు ఛాతీ విరుచుకుని తిరిగేవాడు.

కిందటేడు పండుగకు రామన్నపేటలో అత్తగారింట, పదిమంది ముందు కట్ట తీశాడు. బావమరిది బీరప్ప ఒక ముక్క తీసి చూసి ఇచ్చాడు. రామచంద్రం కట్ట కలిపి, ముక్కలన్నీ బోర్లా పరిచి, కళ్ళు మూసి ఏదో గొణుగుతున్నాడు.

"గిదే గద బావా నాది?" అని బీరప్ప ముక్క తీసి చూపించాడు.

"నీకెట్ల తెల్సు?"

"మూల మడిస్తివి గద! వేరే మందల కలిస్తె దొరకాలెనని గొర్రె చెవికి గాటు పెట్టమా, గట్లనే!"

చప్పట్లు మారుమోగాయి, బీరప్పకు! అత్త సుక్కమ్మ అయితే మురిసిపోయింది. "ఏడేండ్ల ఇద్దెను మా పిలగాడు గడియల పట్టిండు సూడు అల్లుడా!"

ఎన్ని లాభాలో చూడండి! ఇంట్లో అద్దం నర్సింగమ్మకు దక్కింది. బడిలో పిల్లలకు భిన్నాలు మొదలయ్యాయి. ఊరికో బీరప్ప ఉంటే గారడీవాళ్ళంతా నాగలి పట్టి, పంచవర్ష ప్రణాళిక మూడేళ్ళకే ముగిసిపోదూ?

తిరుగుదారిలో బండిలో రామచంద్రం అడిగాడు. "నువ్వు గూడ గా మందలనే పెరిగినవు. నీకెందుకు తెల్వలే?"

"తెల్వకేంది? నువ్వు మొదలువెట్టిన నెలకే తెల్సింది."

"మరి అబ్బా అంటివి?"

"గంత కష్టపడ్తుంటివి. ఎవరన్న ఒకరు అనాలె గద!"

ఇంటికి చేరగానే రామచంద్రం మళ్ళీ కట్ట తీశాడు. పట్టుదలతో మూల మడవని కొత్త విద్య నేర్చి, నిన్న ఆమె ముందు ప్రదర్శించాడు. నర్సింగమ్మ కళ్ళు పెద్దవి చేసి "అబ్బా!" అంది.

నిజంగానే అన్నదా? తేల్చి చెప్పగలవాడు బీరప్ప ఒక్కడే. అతణ్ణి అడగడానికే రామచంద్రానికి ధైర్యం చాలడం లేదు.