కట్టెల పడవలో విహారయాత్ర

బుధవారం పొద్దున్నే పాపకు నూనె రాసి, ఎండ ముదరకముందే నీళ్లు పోసి, మధ్యాహ్నం స్త్రీల ప్రార్థన కూడికకు పోవాలని ప్రేమలీల అనుకుంది. పాపకు పదో నెల. నీళ్లు పోయడం సగంలో ఉండగా భర్త జకరయ్య కాఫీ గ్లాసుతో పెరట్లోకి వచ్చి, పడవ మాట్లాడేసినానని చెప్పాడు. ప్రేమలీల చేతిలో చెంబు ఆగిపోయింది. ఆ చెంబులో నీళ్లనే ఆమె కాసేపు భయంగా చూసింది.

జకరయ్య కోట అనే ఊళ్లో బడి అయివారు. క్రిస్మస్ సెలవుల్లో తోటి అయివారు పద్మనాభయ్య పెళ్లాం పిల్లలతో ఊటీ పోయి వచ్చి, నెల రోజులు బడిలో వేరే మాట లేకుండా చేశాడు. కొండలు అందరూ ఎక్కుతారు, నేను మావాళ్లను నీళ్ల మీద తిప్పుతానని జకరయ్య ఒకనాడు నోరు జారాడు. అప్పటినుంచీ పడవల వేట మొదలైంది.

ముందు ఓడ. మద్రాసులో ఎక్కితే రంగూను చూసి రావచ్చునని ఓడల కంపెనీకి జాబు రాశాడు. వాళ్లు బొమ్మ వేసిన పెద్ద కాగితం పంపారు. గది కావాలంటే ఎలా, సెకండు క్లాసు ఎలా, పైన చాప పరుచుకుని పడుకునేవాళ్లకు ఎలా అని ఆయన చదివి వినిపించాడు. ఐదో తరగతితో చదువు ఆగిన ప్రేమలీలకు ఇంగ్లీషు రాదు. బొమ్మ మాత్రం చూసింది. ఓడ పక్కన వరసగా చిన్న పడవలు వేలాడదీసి ఉన్నాయి. ఓడకు పడవలెందుకు? మునగదని నమ్మకముంటే అవి ఎందుకు కట్టుకుంటారు? ఆ ప్రశ్న అన్నం దగ్గర కూడా ఆమెను వదల్లేదు. అయినా భర్త అంత ఆశపడి చెబుతుంటే వద్దనడమెలాగ. మీ ఇష్టం అంది.

జకరయ్య ఆమె ముఖంలోకి కాసేపు చూసి, ఓడ మనకు మరీ పెద్దదిలే అన్నాడు. తర్వాత తడ దాకా పోయి ప్రళయకావేరి సరస్సులో తెరచాప పడవ సంగతి విచారించి వచ్చాడు. ఎర్రకాళ్ల కొంగలు వేలకు వేలు కనబడతాయట. పేరులోనే ప్రళయం పెట్టుకున్న నీళ్లు అవి. కొంగలకైతే రెక్కలున్నాయి, పాపకేమున్నాయి? దానికీ ప్రేమలీల మీ ఇష్టమే అంది. ఆయన మళ్లీ ఆమె ముఖంలోకి చూసి, గాలి వాటం బాగా లేదంటున్నారని ఆ పడవా మానేశాడు.

చివరికి ఇది. మద్రాసుకు సరుగుడు కట్టెలు వేసుకుని, గట్టు మీదనుంచి మనుషులు తాడుతో లాగితే పోయే చిన్నపోలయ్య పడవ. మద్రాసు పోయే కాలవ మీద దుగరాజపట్నం దాకా రెండు రోజులు. కట్టెల మీద తాటాకు పందిరి వేయిస్తానన్నాడట. బడికి ఎండాకాలం సెలవులు, వచ్చే సోమవారమే ప్రయాణం.

"ఏమంటావు?" అన్నాడు జకరయ్య.

"మీ ఇష్టం."

కాఫీ చల్లారిపోయిందంటూ ఆయన లోపలికి వెళ్లిపోయాడు.

మనుషులతో చెప్పలేనిది దేవుడితోనే చెప్పుకోవాలని, మధ్యాహ్నం కూడికలో ప్రార్థన అంశాలు అడిగినప్పుడు ప్రేమలీల లేచి నిలబడింది. ప్రయాణం ఆగిపోవాలని పైకి అడిగితే మొగుడి పరువు పోతుంది. అందుకని నీళ్ల మీద ప్రయాణముంది, పాప చిన్నది, ప్రార్థించండి అని మాత్రం చెప్పింది. మిగతాది దేవుడే అర్థం చేసుకుంటాడనుకుంది. కానీ కూర్చోబోతుంటే ఆమె వేదపుస్తకంలోంచి ఓడ బొమ్మ కాగితం జారి పడింది. ఎందుకైనా మంచిదని ఆమే దాన్ని అందులో పెట్టి ఉంచింది.

పాస్టరమ్మ రెబెక్కమ్మ కాగితం తీసి చూసింది. పక్కనున్న ఎస్తేరమ్మా చూసింది. సముద్రం మీదనా తల్లీ, చంటిబిడ్డతోనా అని ఇద్దరూ నోళ్లు నొక్కుకున్నారు. ప్రేమలీల కాదనబోయేసరికి అందరూ మోకరించేశారు. ప్రార్థన నడుస్తుండగా అడ్డం మాట్లాడే అలవాటు ఆ సంఘంలో ఎవరికీ లేదు. రెబెక్కమ్మ సముద్రాన్ని, గాలిని, ఓడ నడిపేవాళ్లను, ఓడలో వంట చేసేవాళ్లను వరసగా దేవుడి చేతికి అప్పగించి పావుగంట ప్రార్థించింది. పద్దెనిమిది మంది ఆమెన్ అన్నారు. అలవాటు కొద్దీ ప్రేమలీల కూడా అనేసింది.

ఆ కూడికలో ఒక పద్ధతుంది. ఒకరి అంశాన్ని అందరూ తమ ఇళ్లకు తీసుకుపోయి, అది నెరవేరేదాకా ఇంటిల్లిపాదీ రోజూ మోకరించాలి. కాబట్టి ఆ సాయంత్రమే పద్దెనిమిది ఇళ్లలో ఓడ బయలుదేరింది.

గురువారం ఎస్తేరమ్మ వచ్చి, రంగూనులో ఉన్న తమ్ముడికి ఇమ్మని ఒక జాబు, ఒక ఊరగాయ జాడీ అప్పజెప్పింది. శుక్రవారం బజార్లో పద్మనాభయ్య ఎదురై, రంగూనంట గదా అని జకరయ్య చెయ్యి పట్టుకుని ఊపాడు. కాదనలేక జకరయ్య కూడా తన చెయ్యి ఊపాడు. ఇంటికొచ్చి ఈ మాట ఎట్లా పుట్టిందని పెళ్లాన్ని అడిగాడు. ఆమెన్ అయిపోయిందని ప్రేమలీల చెప్పింది. ఇద్దరూ భక్తిగల ఇళ్లలో పెరిగినవాళ్లే. ఆమెన్ అన్నదాన్ని వెనక్కి తీసుకోవడం వాళ్లకు తెలియదు.

ఆదివారం వాళ్ల కోసం వీడ్కోలు ఆరాధన పెట్టారు. ధైర్యం చెప్పాలని పాస్టరుగారు వేదపుస్తకంలో ఓడ పగిలిపోయిన అధ్యాయం ఎంచుకున్నారు. అందులో ఒక్కరూ చావలేదని, ఈత వచ్చినవాళ్లు ఈది, రానివాళ్లు పలకలు పట్టుకుని గట్టెక్కారని ముప్పావుగంట సంతోషంగా బోధించారు. ప్రేమలీల ఒడిలో పాప నిద్రపోతోంది. ఇది పలకను ఎట్లా పట్టుకుంటుంది? దీని పిడికిట్లో బొరుగు గింజ కూడా నిలవదే. ఆ ఆలోచన వచ్చాక ఆమెకు పాటల పుస్తకంలో అక్షరాలు కనబడలేదు. మానుకుందామన్నా ఇప్పుడు దారి లేదు. మంగళవారం వాళ్లు కోట బజార్లో కనబడితే, పద్దెనిమిది ఇళ్లవాళ్లకు ఏ ముఖం చూపించాలి?

సోమవారం పొద్దున మూడు ఎడ్లబండ్ల మీద సంఘం కాలవ గట్టుకు వచ్చింది. ఈ పడవలో మద్రాసు పోయి అక్కడ ఓడ ఎక్కుతారని వాళ్లంతట వాళ్లే అనుకున్నారు. చిన్నపోలయ్య గట్టుకూ పడవకూ మధ్య ఒక పలక వేశాడు. జకరయ్య దాని మీద ఒక కాలు పెట్టి, ఆగి, కళ్లు మూసుకున్నాడు.

ప్రార్థిస్తున్నాడనుకుని పాస్టరుగారు అందరినీ కళ్లు మూసుకోమన్నారు. ప్రార్థన అయింది. కళ్లు తెరిస్తే జకరయ్య ఇంకా ఒక కాలు పలక మీద, ఒక కాలు గట్టు మీద పెట్టుకునే ఉన్నాడు. ఒక పాట పాడారు. అలాగే ఉన్నాడు. రెండో పాట ఎత్తుకున్నారు. పాపను చంకనేసుకుని వెనక నిలబడ్డ ప్రేమలీలకు భర్త పంచె అంచు వణకడం కనబడింది. ఆ పూట గాలి లేదు.

పాట చాటున ఆమె ముందుకు వంగింది. "ఏందండీ, భయమా?"

"చిన్నప్పట్నించీ," అన్నాడు జకరయ్య పెదవులు కదపకుండా. "నువ్వు వద్దంటావని మూడు నెలల్నించీ కాచుకోనుండా. ఎంత చిన్న పడవ తెచ్చినా మీ ఇష్టమంటివి."

"మీరు మానుకుంటారని నేను మోకాళ్లు అరగదీసుకుంటా ఉండా."

రెండో పాట చివరి చరణానికి వచ్చింది. ప్రేమలీల చిన్నపోలయ్యను పిలిచి, లోతెంతని అడిగింది. ఇన్ని రోజుల్లో ఆ మాట ఎవరూ అడగలేదు. చిన్నపోలయ్య పడవ తోసే గెడ నీళ్లలోకి దింపి పైకి తీసి పక్కన నిలబెట్టాడు. తడి అతని తొడ దాకా వచ్చింది.

"ఎండాకాలం గదమ్మా. పడితే గుడ్డలు పాడైపోతాయి, అంతే," అన్నాడు.

ప్రేమలీల ఆ తడి గుర్తు వంక చూసింది. పాపను దాని పక్కన ఊహించుకుని చూసింది. భయం పోలేదు గానీ, అది కూడా తొడ దాకానే మిగిలింది. ఆమె పాపను రెండు చేతులా పొదివి పట్టుకుని, భర్తను తప్పించుకుని పలక మీద గబగబా నడిచి, తాటాకు పందిరి కింద కూర్చుంది. కూర్చున్నాక ఇంకో భయం కూడా దించుకోవాలనిపించింది.

"ఓడ లేదమ్మగారూ," అంది రెబెక్కమ్మతో. "దుగరాజపట్నం దాకా ఇందులోనే పోతాం."

గట్టు మీద పాట ఆగిపోయింది. పాస్టరుగారు గొంతు సవరించుకుని, చేసిన ప్రార్థన ఎక్కడికీ పోదన్నారు. ఎస్తేరమ్మ కూడా జకరయ్యను తప్పించుకుని, పలక మీదుగా వచ్చి ఊరగాయ జాడీ తీసుకుంది. రెండడుగులు పోయి, మళ్లీ వచ్చి జాబు కూడా తీసుకుంది.

ఇప్పుడు అందరూ జకరయ్య వైపు తిరిగారు. పద్మనాభయ్య కూడా వచ్చి ఉన్నాడు. ప్రేమలీల పందిరి కిందనుంచి తల బయటికి పెట్టి, తాడు లాగేవాడు ఒకడు ఈ పూట రాలేదంట, ఆయన గట్టెంబడి సాయం వస్తారు అని అందరికీ వినబడేలా చెప్పింది. రానివాడెవడో చిన్నపోలయ్యకు తెలియదు. అయినా మనిషి దొరికాడు గదాని తాడు తెచ్చి జకరయ్య భుజానికి తగిలించాడు. జకరయ్య పలక మీది కాలు తీసి నేల మీద పెట్టాడు. ఆ కాలు పెట్టిన తీరు చూసి, ఎంత బలమైన మనిషని రెబెక్కమ్మ మెచ్చుకుంది.

రెండు రోజులూ ప్రేమలీల పాప గౌను అంచు పిడికిట్లోంచి వదలకుండా, నీడలో కూర్చుని కొంగలు చూసింది. జకరయ్య ఇసకలో, ముళ్లలో మిగతా ఇద్దరితో పాటు తాడు లాగాడు. దుగరాజపట్నంలో పడవ కట్టేశాక చిన్నపోలయ్య ఆయన్ను పక్కకు పిలిచి, బడి తెరిచేదాకా ఖాళీయే గదా, ఇంకో రెండు లోడ్లకు వస్తారా అని అడిగాడు.