చెరగని మొహం

"ఇకపై ఏ వరదా నా మొహాన్ని చెరపలేదు!" అని మంత్రి బుచ్చిరాజుగారు ముక్తేశ్వరం సభలో ప్రకటించగానే చప్పట్లు మోగాయి. అందులో నూకాలమ్మ చప్పట్లూ ఉన్నాయి. ఇంటి మీద కప్పుకునే టార్పాలిన్ బరకాలు పంచుతారని చెప్పి ఆమెను ఆటోలో తీసుకొచ్చారు మరి.

మంత్రిగారి బాధ న్యాయమైనదే. నిరుడు గోదావరి పొంగినప్పుడు లంకల్లో పంచిన బరకాల మీద ఆయన బొమ్మ నాలుగు చినుకులకే కరిగింది. మీసం గడ్డం మీదికి జారింది. ఇళ్ళు మునిగిన జనం కూడా నవ్వారు. అంతటి ఉపద్రవం మళ్ళీ రాకూడదని, అచ్చు సిరా నిలకడ తేలేదాకా ఈసారి పంపకాలు ఆపేశారు.

నూకాలమ్మకేమో తొందర. కూతురు కీర్తి పురిటికొచ్చింది. పాక మీద తాటాకు చివికిపోయింది. సిరా పరీక్షల ప్రత్యేకాధికారి నాగేంద్రబాబుగారి దగ్గరికి వెళ్ళి బతిమాలింది.

"ఒక్కటి ఇప్పించండి బాబుగారూ. ఇంట్లో పురిటి మనిషుందండి."

"టెస్టు అవ్వాలి కదమ్మా!"

"ఓ బరకం తీసి చూసుకోండి. మిగతాయి పంచెయ్యండి."

నాగేంద్రబాబుగారు నొచ్చుకున్నారు. "ఒకదానికి పరీక్ష పెట్టి ఇంకోదాన్ని ఊరికే వదిలేస్తే అన్యాయం కాదా? మాకు అందరూ సమానం. ప్రతి బరకానికీ పరీక్షే!"

"ఆయ్," అంది నూకాలమ్మ. న్యాయం అన్నాక ఇంకేమంటుంది!

ముందు ఎండ పరీక్ష. మార్కెట్ యార్డులో బరకాలన్నీ పరిచి నెల్లాళ్ళు ఎండబెట్టారు. మొహం చెక్కుచెదరలేదు. తర్వాత కాలవలో నానబెట్టారు. అవి నానుతుండగానే కీర్తి ఆడపిల్లని కంది. చివరిది రాపిడి పరీక్ష. ఇందులో ప్రజల భాగస్వామ్యం ఉండి తీరాలని మంత్రిగారి ఆదేశం. ఎవరి బరకం వాళ్ళే తోముకోవాలి. కొబ్బరి పీచూ ఇసకా ప్రభుత్వమే ఉచితంగా ఇచ్చింది.

నూకాలమ్మ తన బరకాన్ని మెల్లిగా రుద్దింది.

"గట్టిగా! అంట్లగిన్నె అనుకోండమ్మా!" అన్నారు నాగేంద్రబాబుగారు.

"చిరుగుద్దేమోనండి."

"బరకం సంగతి మనకెందుకు? సిరా చూడండి!"

తోమగా తోమగా బరకం పలచబడి అవతలి వెలుగు కనిపించింది. మంత్రిగారు మాత్రం నవ్వుతూనే ఉన్నారు. మూడు పూతల సిరా మరి. "పాస్!" అని నాగేంద్రబాబుగారు ముద్ర కొట్టారు. నూకాలమ్మకి ఏడుపొచ్చింది. ఆనందబాష్పాలని సిబ్బంది రాసుకున్నారు.

బరకం కప్పిన మర్నాడే వాన దంచింది. సిరాని పరామర్శించడానికి మంత్రిగారు టీవీ వాళ్ళతో సహా వచ్చారు. పాకంతా కారుతోంది. పొయ్యి మీద, మంచం మీద, బాలింత కీర్తి నెత్తి మీద. ఉయ్యాల దగ్గర మాత్రం పొడిగా ఉంది. అందులో పసిపిల్ల హాయిగా నిద్రపోతోంది. సరిగ్గా ఆ పైన, బరకం మీద, మంత్రిగారి మొహం ఉంది.

మంత్రిగారు కెమెరాల వైపు తిరిగారు. "చూశారా! ఒక్క గీతైనా చెదిరిందా? ఇంకేం కావాలో అడుగమ్మా!"

నూకాలమ్మ తడిసిన కూతుర్ని చూసి చేతులు జోడించింది.

"తమరి మొహమున్న కాడే వాన ఆగుతుందండి. వచ్చే ఏడు ఇంకాస్త పెద్దది ఏయించండి బాబూ. మా అమ్మాయి కూడా పడుకుంటాది."

మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. అక్కడికక్కడే హామీ ఇచ్చేశారు. పెద్ద మొహానికి పరీక్షలు మళ్ళీ మొదట్నించీ పెట్టాలని నాగేంద్రబాబుగారు మెల్లిగా గుర్తుచేశారు.