గొంతుకు తొమ్మిది రోజుల సెలవు

భూమక్క గొంతుకు బతుకమ్మ పండక్కి తొమ్మిది రోజుల సెలవు మంజూరైంది. మిగతా భూమక్కకు కాలేదు.

ఇందులో ఎవరూ ఆశ్చర్యపోలేదు. గల్ఫ్‌లోని ఆ మహానగరంలో ఆమె పనిచేసే లాండ్రీ కంపెనీ, పండగల కాలంలో మనిషి మొత్తానికి సెలవివ్వడం మానేసి మూడేళ్లయింది. పండగలప్పుడే హోటళ్లు నిండుతాయి, హోటళ్లు నిండినప్పుడే దుప్పట్లు మాస్తాయి. అందుకని పాక్షిక సెలవు అనే పద్ధతి పెట్టారు. ఉద్యోగానికి అవసరం లేని భాగం ఏదైనా సరే, దరఖాస్తు పెట్టుకుని ఇంటికి పంపుకోవచ్చు. కిందటేడు దసరాకు నేపాల్ నుంచి వచ్చిన లిఫ్టు ఆపరేటర్ తన రెండు పాదాలనూ పంపాడు. స్టూలు మీద కూర్చుని మీటలు నొక్కే పనికి పాదాలెందుకు? అవి పదిహేను రోజులు కొండదారులన్నీ తిరిగి, మడమలు పగిలి, సంతోషంగా తిరిగొచ్చాయి. గేటు దగ్గర వాచ్‌మన్ ఒకాయన తన నవ్వును పంపాడు. అది తిరిగొచ్చిందో లేదో ఎవరూ గమనించలేదు.

భూమక్కది జగిత్యాల దగ్గర ఒక ఊరు. నాలుగేళ్లుగా ఈ లాండ్రీలో ఇస్త్రీ విభాగంలో ఉంది. ఊళ్లో భర్త మల్లేశం ట్రాక్టరు నడుపుతాడు. కూతురు శ్రీహితకు పన్నెండేళ్లు. భూమక్క అత్త లచ్చవ్వ ఉన్నన్నాళ్లూ వాడలో బతుకమ్మ పాట చెప్పేది ఆమే. ఆమె చెబితే మిగతా ఆడవాళ్లు వెనకాల పలికేవారు. లచ్చవ్వ ఎండాకాలంలో చనిపోయింది. ఆ పాటలన్నీ నేర్చుకున్నది కోడలొక్కతే.

"అమ్మా, ఈసారి పాట చెప్పేటోళ్లే లేరు," అంది శ్రీహిత ఫోన్లో. "స్పీకర్ పెడ్తరట. నువ్వస్తెనే నేను బతుకమ్మ పేరుస్త. లేకుంటె పేర్వ."

"వస్త బిడ్డా," అని భూమక్క మాటిచ్చేసింది.

మర్నాడు సెలవుల గుమస్తా సూర్యారావు దగ్గరికి వెళ్లింది. ఆయనది తణుకు. మంచి మనిషి, కాదని చెప్పాల్సి వచ్చినప్పుడు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటాడు.

"మొత్తానికైతే కుదరదమ్మా, సీజను కదా," అన్నాడు అద్దాలు తుడుస్తూ. "ఏ భాగం పంపిస్తావో చెప్పు."

"గొంతు, సార్."

"ఇస్త్రీకి గొంతు అక్కర్లేదు కదా?"

"అక్కర్లేదు సార్."

"మరి ఇన్నేళ్లూ దాన్ని ఇక్కడ పెట్టుకుని ఏం చేశావు?" అని అడిగి, ఆమె ముఖం చూసి, "ఏం లేదులే, ఫారంలో ఆ గడి ఉంది," అన్నాడు. ఆ గడిలో గీత కొట్టాడు.

సూపర్‌వైజర్ మూడు ప్రతుల్లో ధ్రువీకరించాడు. దరఖాస్తుదారు రోజుకు సుమారు నలభై సార్లు ఎస్ సర్ అనడానికి మాత్రమే గొంతు వాడుతుందనీ, ఆ పని తల ఊపినా జరుగుతుందనీ రాశాడు. మందుల గదిలో నర్సు ఒక స్టీలు డబ్బా ఆమె నోటి దగ్గర పట్టుకుని, లోపల ఉన్నదంతా చెప్పేయమంది. ఏం చెప్పాలో భూమక్కకు తోచలేదు. కూతుర్ని పేరు పెట్టి పిలిచింది. 'శ్రీ' గదిలో వినబడింది, 'హిత' డబ్బాలోకి పోయింది. నర్సు మూత బిగించి, టేపు చుట్టి, తూకం వేసింది. నూట డెబ్బై గ్రాములు.

"ఏం భూమక్కా," అంది ఆ రాత్రి పడక గదిలో పక్క మంచం మీది హసీనా. ఆమెది రాయచోటి. "నీ గొంతు ఊరికి పోతాంటే, జాగ్రత్తగా పోయిరా అని చెప్పేదానికి కూడా నీకు లేదే!" అని నవ్వబోయి ఆగింది.

మల్లేశం శంషాబాద్ వెళ్లి సంతకం పెట్టి డబ్బా తీసుకున్నాడు. ఇంట్లో మూత తీయగానే గొంతు అన్న మొదటి మాట, "ఏందే శ్రీహితా, నెత్తికి నూనె లేదా?" ఆ సంగతి మధ్యాహ్నం భోజనాల వేళ వీడియో కాల్‌లో మల్లేశమే చెప్పాడు. చెబుతుంటే అతని వెనకాల గునుగు పూలు కోస్తున్న ఆడవాళ్లతో గొంతు గలగలా మాట్లాడుతూనే ఉంది. భూమక్క అన్నం కలుపుతూ చూసింది. నాలుగేళ్లలో తను అంత మాట్లాడినట్టు ఆమెకు గుర్తులేదు.

"మంచిగున్నవా? తిన్నవా?" అని గొంతు ఆమెను పలకరించింది. భూమక్క తల ఊపింది.

ఐదో రోజున హసీనా తన ఫోన్ గోడకు ఆనించి పెట్టింది. తెర మీద వాడ ఆడవాళ్లు బతుకమ్మల చుట్టూ తిరుగుతున్నారు. మధ్యలో శ్రీహిత పేర్చిన బతుకమ్మ కొంచెం ఒక పక్కకు ఒరిగి ఉంది. గొంతు పాట చెప్పింది, అందరూ వెనకాల పలికారు. భూమక్క పెదవులు కూడా వాళ్లతోపాటే, గొంతు కంటే ఒక్క చరణం వెనక, చప్పుడు లేకుండా పలికాయి. అయిదు నిమిషాల విరామం అయిపోయి బెల్లు కొట్టారు.

ఏడో రోజున ఇస్త్రీ మిషను పైమూత ఆమె ఎడమచేతి రెండు వేళ్ల మీద దిగింది. అలాంటప్పుడు కేక వేయాలని, పక్కనున్నవాళ్లు ఎర్ర మీట నొక్కాలని నియమం. భూమక్క నోరు తెరిచింది. హసీనా అటు తిరిగి దుప్పట్లు మడుస్తోంది. మూత పదకొండు సెకన్లు ఉండి, పని పూర్తి చేసుకుని, తనంతట తానే లేచింది. ప్రమాదాల రిజిస్టరులో 'బాధితురాలు ఏమన్నది' అనే గడి ఎదుట సూపర్‌వైజర్ 'ఏమీ అనలేదు' అని రాశాడు. 'నొప్పి' ఎదుట 'ఫిర్యాదు లేదు' అని రాశాడు. రెండూ నిజమే. ఆ నెల ఇస్త్రీ విభాగానికి ఫిర్యాదుల్లేని విభాగమని షీల్డు ఇచ్చారు. కట్టు కట్టిన చెయ్యి వెనక్కి పెట్టుకుని భూమక్క ఫోటోలో నిలబడింది.

అదే రోజు ఊళ్లో గొంతు పాట మధ్యలో ఉన్నట్టుండి ఒక్క కేక పెట్టిందట. ఎందుకో దానికే తెలియలేదు. నీళ్లు పట్టించబోయి, ఎక్కడ పట్టించాలో తెలియక ఊరుకున్నారు.

తొమ్మిదో రోజు సద్దుల బతుకమ్మా అయిపోయింది. దసరా పోయింది. శ్రీహిత ఏడిస్తే దీపావళి దాకా పొడిగించమని భూమక్కే దరఖాస్తు పెట్టింది. దీపావళి తరువాత కాగితం మీద "నా గొంతు నాకు కావాలె" అని రాసి సూర్యారావుకు ఇచ్చింది.

ఆయన అద్దాలు తీశాడు. "రావాలంటే దానికి కొత్తగా వీసా కావాలమ్మా. వీసాకు ఉద్యోగం ఉండాలి. గొంతుకు ఇక్కడ ఉద్యోగం లేదని మనమే మూడు ప్రతుల్లో రాసిచ్చాం." అద్దాలు తుడిచి పెట్టుకుని, "పైగా దాని ఇష్టం కూడా కనుక్కోవాలి," అన్నాడు.

శుక్రవారం భూమక్క వీడియో కాల్ చేసింది. ఆఫీసు నుంచి సంగతి అప్పటికే తెలిసి, శ్రీహిత ముందే ఏడుపు మొదలుపెట్టింది. "అమ్మ మాట్లాడుతుంటెనే నాకు నిద్ర వడ్తది. పంపియ్య."

గొంతు మాత్రం నిదానంగానే మాట్లాడింది. "నేనీడ్నే ఉంట. బిడ్డె సదువు జూస్తున్న, పొయ్యికాడ ఆయనకు ఉప్పు, కారం యాది జేస్తున్న. ఆడికొచ్చి ఏం జెయ్యాలె? నాతోని నీకేం పనున్నదో చెప్పు, వస్త."

భూమక్క చాలాసేపు తెర వైపు చూసింది. చెప్పడానికి చాలా ఉంది. గొంతు కూడా మర్యాదగా చాలాసేపు ఎదురుచూసింది. తరువాత శ్రీహిత, "చూసినవా, అమ్మ ఏమంటలేదు," అంది సంతోషంగా. సోమవారం భూమక్క సమ్మతి పత్రం మీద సంతకం చేసింది. ఆమె ఉద్యోగ ఒప్పందం ఇంకా రెండేళ్లుంది.

చలికాలంలో ఆమె ఫోను నీళ్లలో పడి పాడైంది. బాగు చేయించలేదు. ఫిబ్రవరిలో ఒక పొద్దున, షిఫ్టుకు ముందు, హసీనా కొత్త నంబరు వేసిన తన ఫోను ఆమె చేతిలో పెట్టింది. "ఇంటికి చేసి చూడు భూమక్కా. ఊరికే వినేదానికైనా."

శ్రీహిత ఎత్తింది. "ఎవలు?" అంది. "ఎవలు మాట్లాడేది?"

భూమక్క ఫోను చెవికి గట్టిగా ఆనించుకుంది. కూతురి గొంతు పెద్దదవుతోంది.

"అమ్మా, ఎవలో ఫోన్ జేసిన్రు. సప్పుడు జేస్తలేరు."

వంటింట్లోంచి, పోపు చిటపటల మధ్య, భూమక్క గొంతు వినిపించింది. "రాంగ్ నంబర్ గావొచ్చు బిడ్డా, పెట్టెయ్. బడికి యాళ్లయితుంది."

గొంతు బాగుంది. ఎక్కడా బొంగురు లేదు.

"ఏమన్నారు?" అని అడిగింది హసీనా. భూమక్క ఫోను తిరిగిచ్చి, అంతా బాగున్నారని చేత్తో చూపింది.

ఇద్దరూ షిఫ్టు వరుసలోకి వెళ్లారు. ఆ వారమే కొత్తగా పద్దెనిమిది మంది ఆడవాళ్లు వచ్చారు. గొంతులు ఇంటి దగ్గరే దించి రమ్మని ఏజెంటు ముందే చెప్పాడట. విమానంలో బరువు కలిసొస్తుందని. భూమక్క కొంచెం జరిగి వాళ్లకు చోటిచ్చింది. సూపర్‌వైజర్ వచ్చి ఒక్కొక్క పేరే చదివి హాజరు పిలిచాడు. తానొక్కతే పలికితే బాగుండదని హసీనా కూడా తల ఊపింది.

ఎవరూ పలకలేదు. అందరూ ఉన్నారని ఆయన రాసుకున్నాడు.