చక్రాల మీది తొలి ఇల్లు

అమెరికాలో నెబ్రాస్కాలోని టాల్మన్ కౌంటీకి ఒక చరిత్ర ఉండి తీరాలని 1889 వేసవిలో పెద్దలు తీర్మానించారు. తోలు అట్ట, బంగారు అంచులు, ఎనిమిది వందల పుటలు అప్పటికే ఖాయమయ్యాయి గనుక ఇక మిగిలింది లోపలి విషయం మాత్రమే. ఈ నేల పూర్వం నిర్జనంగా ఉండేదని మొదటి అధ్యాయంలోను, ఆ నిర్జన ప్రదేశంలో కాపురముంటున్న పౌనీ తెగ ఆదివాసులను ఎంత మర్యాదగా దక్షిణానికి సాగనంపారో రెండో అధ్యాయంలోను రాసేశారు. మూడో అధ్యాయం నుంచి రైతుల వంశచరిత్రలు. పూర్వీకులు కలిగి ఉండదలచిన గృహస్థులందరూ గోధుమ కోతలకు ముందే సిద్ధంగా ఉండవలసిందని పత్రికలో ప్రకటన వచ్చింది.

థర్జా పెట్టిబోన్ ఆ ప్రకటన రెండుసార్లు చదివి, చేతులు తుడుచుకుని, గూట్లోంచి కుటుంబ బైబిలు దించింది. పుట్టుకలు రాసుకునే పుటలో నాలుగు పేర్లున్నాయి. కింది మూడు పేర్లవాళ్లూ పొలంలో నాగళ్ల వెనక నడుస్తున్నారు. అన్నిటికంటే పైనున్న పేరు ఎల్మీనా. పది నెలలు బతికి, 1872 ఫిబ్రవరిలో కంఠసర్పితో పోయింది. సమాధి మీద తర్వాతెప్పుడో పాతిన కొయ్య గుర్తు ఓ ఏడాది గడ్డి తగలబడినప్పుడు దాంతోపాటే కాలిపోయింది. పిల్ల పేరు ఎక్కడో ఒకచోట అచ్చులో ఉంటే చాలునని థర్జా కోరిక. పదిహేడేళ్లలో ఆమె కోరుకున్నది ఇదొక్కటే కావడంతో, ఆమెకు కోరికలుంటాయన్న సంగతి ఆ ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు.

గ్రంథకర్త తరఫున లూసియస్ క్విన్బీ అనే పెద్దమనిషి గుర్రబ్బండిలో వచ్చి, ఉప్పువేసిన పందిమాంసం, మొక్కజొన్న రొట్టె ఆరగించి, అచ్చువేసిన ప్రశ్నల కాగితం తీశాడు. థర్జా భర్త అసాహెల్ ఆదివారం చర్చికి వేసుకునే కోటు తొడుక్కుని కూర్చున్నాడు. అతని తాత వెర్మాంటులో ఉన్నప్పుడు పొరుగువాడి గొర్రెలు ఎందుచేతనో ఈయన దొడ్లోకి నడిచొస్తుండేవి. దానిమీద ఊళ్లో మాటామాటా పెరిగి, ఆయన చెప్పాపెట్టకుండా పడమటికి ప్రయాణం కట్టాడు. క్విన్బీ దీన్ని 'పశుసంపద మీది మక్కువతో విశాలమైన మేతభూములను అన్వేషించిన సాహసి' అని రాసుకున్నాడు. ఆ తాతకు ముందరివాళ్ల సంగతి ఎవరికీ తెలియదు కాబట్టి అక్కడ ఇంగ్లండు ప్రభువొకరిని పెట్టారు. ఖాళీగా వదిలేస్తే బాగుండదు కదా.

కాస్త సందు దొరకగానే థర్జా దగ్గరికొచ్చింది.

"మాకో ఆడపిల్ల పుట్టింది బాబూ. ఎల్మీనా అని పేరు. అది కూడా రాసుకో."

"అలాగేనమ్మా. ఎన్నాళ్లుంది?"

"పది నెలలు."

క్విన్బీ తల పంకించాడు. దయగల మనిషే. "పది నెలల్లో చెప్పుకోదగ్గవి ఏమన్నా చేసిందామ్మా?" అని అడిగాడు.

"నవ్వేది," అంది థర్జా.

క్విన్బీ కాగితం పైనుంచి కిందికి వెతికాడు. నవ్వుకు గడి లేదు.

"పోనీలేవే," అన్నాడు అసాహెల్. "పదిమందీ చదివే పుస్తకం. అందులో చావుల గొడవెందుకు?"

తర్వాత ముగ్గురూ పందుల దొడ్డికి వెళ్లారు. అసాహెల్ పెంచిన 'గ్రాండ్ డ్యూక్' అనే పోతుపందికి జిల్లా సంతలో మొదటి బహుమతిగా నీలం రిబ్బను వచ్చింది. దాని వంశం చెప్పడానికి గంట పట్టింది. తల్లి లేడీ బ్లాసమ్, అమ్మమ్మ ప్రిన్సెస్, ఆమె తల్లి పేరు, పుట్టిన ఊరు, పాల సమృద్ధి, అన్నీ క్విన్బీ పూసగుచ్చినట్టు రాసుకున్నాడు. డ్యూక్‌తో పాటు ఒకే ఈతలో పుట్టి రెండో వారంలోనే చనిపోయిన డైసీ అనే పందిపిల్లను కూడా విచారంతో పేర్కొన్నాడు. చివర్లో గుర్తొచ్చి, అసాహెల్ భార్య గురించి 'ఒహాయోకు చెందిన సౌమ్యురాలు' అని ఒక ముక్క చేర్చాడు. థర్జా పుట్టింది ఇండియానాలో.

పోతే, కౌంటీలో తొలి ఇల్లు కట్టింది తానేనని అసాహెల్ చెప్పాడు. పన్నెండడుగుల వెడల్పు, పద్నాలుగడుగుల పొడవు, దేవదారు పలకలు, ఒక అద్దాల కిటికీ, అందులో ఎడమ అద్దానికి పగులు. వారం తిరిగేసరికి క్విన్బీ దగ్గర మరో అయిదు తొలి ఇళ్లు పోగయ్యాయి. అన్నీ పన్నెండు బై పద్నాలుగే, అన్నిటికీ ఎడమ అద్దమే పగిలింది. పూర్వపు రైతుల అభిరుచిలోని ఐకమత్యానికి ఆయన ముగ్ధుడయ్యాడు.

ఇందులో వింతేమీ లేదు. అయిదేళ్లు కాపురముండి, నేల దున్ని, తలుపూ కిటికీ ఉన్న ఇల్లు కట్టినవాడికే భూమి అని చట్టం. ఆ మైదానంలో చూద్దామంటే చెట్టు లేదు. అందరూ మట్టిపెళ్లలు పేర్చుకుని వాటిలోనే బతుకుతున్నారు. అందుకని ఆరు కుటుంబాలవాళ్లూ కలిసి పలకలతో ఒకే ఒక ఇల్లు కట్టి, దాన్ని చక్రాల మీద పెట్టారు. ఎవరు పట్టాకు వెళ్లాలంటే వాళ్ల పొలంలోకి ఎద్దులు దాన్ని లాక్కొచ్చేవి. ఇద్దరు పొరుగువాళ్లు బైబిలు మీద చెయ్యేసి, ఆ నేల మీద తలుపూ కిటికీ ఉన్న ఇంటిని కళ్లారా చూశామని ప్రమాణం చేసేవారు. చూశారు కూడా. దైవభీతి గలవాళ్లు, అబద్ధమాడరు.

ఆగస్టులో పాత రైతుల సంఘం వనభోజనం ఏర్పాటైంది. 'తొలి ఇల్లు ఇక్కడే' అని చెక్కిన గ్రానైటు రాయి బండిలో సిద్ధంగా ఉంది. ఇక్కడే అంటే ఎక్కడో మాత్రం తేలలేదు. సంఘాధ్యక్షుడు కర్నల్ స్ప్రాగ్, అంతర్యుద్ధమంతా సైన్యానికి బిస్కట్లు సరఫరా చేసిన వీరుడు, బల్లెక్కి ఉపన్యసించాడు.

"సోదర సోదరీమణులారా! మన చేతులు చూడండి. ఈ కాయలు కాచిన చేతులతోనే కదా మనం సత్యమనే పునాది మీద ఈ కౌంటీని నిలబెట్టాం!"

చప్పట్లయ్యాక ఆరుగురూ రాయి తమ పొలంలోనే పాతాలని పట్టుబట్టారు. ఎవరూ ఎవరినీ అబద్ధికుడనలేరు. ఒకరికొకరు సాక్షులు. అప్పుడు అసాహెల్‌కు మెరుపులాంటి ఆలోచన వచ్చింది.

"మా పిల్ల సమాధి మా పొలంలోనే ఉంది. సమాధికి చక్రాలుండవు కదా. ఇదిగో, మా ఆవిడ చెబుతుంది. లేచి చెప్పవే."

థర్జా లేచింది.

"ఇల్లు మా వంతుకొచ్చిన వారంలోనే పిల్ల పోయింది. పాతిపెట్టడానికి పెట్టె చేద్దామంటే పుల్ల దొరకలేదు. మా ఆయన ఆ ఇంటి తలుపు ఊడదీశాడు. కర్నల్ గారూ, మేకులు కొట్టింది మీరే, చేతులు కొంకర్లు పోతుంటే నోటితో ఊదుకుంటూ కొట్టారు. తర్వాతి వంతు మీది. తలుపు లేదని మీ ఆవిడ దుప్పటి కట్టింది. మీ ఇంటికి తలుపుందని మా ఆయన ప్రమాణం చేశాడు. రాయి ఎక్కడ పాతాలో నాకు తెలీదు. ఆ ఇంట్లో కదలకుండా ఉన్నది ఆ తలుపొక్కటే. అది మా ఎల్మీనా మీద ఉంది."

అసాహెల్ టోపీ చేతిలో తిప్పుతూ దానివైపే చూశాడు. ఆ తలుపు మాట అతను ఆనాటి నుంచి ఎత్తలేదు.

అయితే సంఘం బాధ్యత గలది. తలుపు లేకపోతే ఇల్లు కాదు, ఇల్లు కాకపోతే కర్నల్ పట్టా చెల్లదు, ఆయనది చెల్లకపోతే ఆయన సాక్ష్యం మీద వచ్చిన మిగతా పట్టాల గతేమిటి? అందుచేత శ్రీమతి పెట్టిబోన్ చెప్పినది ఎవరికీ వినపడలేదని తీర్మానం ప్రవేశపెట్టారు. అయిదు చేతులు వెంటనే లేచాయి. అసాహెల్ భార్య వంక ఒకసారి చూసి, ఆరో చెయ్యి ఎత్తాడు. ఎవరి మనసూ నొప్పించకుండా రాయిని రైలు స్టేషను ముందు పాతారు. స్టేషను వచ్చి నాలుగేళ్లయింది.

క్రిస్మసుకు పుస్తకం వచ్చింది. నాలుగు వందల పన్నెండో పుటలో గడ్డం దువ్వుకున్న అసాహెల్, ఇంగ్లండు ప్రభువు, ముగ్గురు కొడుకులు, లేడీ బ్లాసమ్, అందరూ సక్రమంగా ఉన్నారు. థర్జా కలం తీసుకుని, డైసీ పేరు కొట్టేసి, దానిపైన ఎల్మీనా అని రాసింది. పక్కనే అంచులో తలుపు సంగతి కూడా నాలుగు పంక్తుల్లో పెట్టింది. ఆమెకు అంతకంటే చోటు దొరకలేదు.

ఆ ప్రతి ఇప్పుడు కౌంటీ గ్రంథాలయంలో ఉంది. '412వ పుటలో ఎవరో గీతలు గీసి పాడుచేశారు. మిగతాదంతా నమ్మదగినది' అని లోపల చీటీ అంటించారు. వంశచరిత్రలు వెతుక్కుంటూ వచ్చేవాళ్ల కోసం గీతలు లేని ప్రతి ఒకటి వేరే ఉంచారు. అందరూ అదే అడుగుతారు. మీ వాళ్లది వెతకడానికి వెళితే, మీరూ అదే అడుగుతారు.