వంటింట్లో పడ్డ వృత్తకేంద్రం

తఫీదా ఆ ఉదయం కూతురి సంచీ మళ్ళీ విప్పి సర్దుతోంది. ఉడికించిన గుడ్లు, ఎండు ఖర్జూరాలు, ఎండకు పొంగించి కాల్చిన రొట్టెలు, ఉన్ని శాలువా. శాలువా అడుగున ఉంటే గుడ్లు నలగవనుకుంది. దారిలో చలేస్తే చేతికందాలని మళ్ళీ పైకి తీసింది.

కూతురు ఇన్షిరాహ్ ఆ ఒయాసిస్సు ఊళ్ళో ఆడపిల్లల బడిలో లెక్కల టీచరు. కైరోలో ఏడాది శిక్షణకు ఎంపికైంది. మధ్యాహ్నం బస్సు తప్పితే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. ఏడాదెంత, కళ్ళు మూసి తెరిచేలోగా అయిపోతుంది అని ఊరంతా తఫీదాకు ధైర్యం చెప్పింది. వెళ్ళేవాళ్ళందరూ మొదట చెప్పేది అదేనని ఆమెకు తెలుసు. లిబియాకు రెండు నెలల పనికని వెళ్ళిన అన్నయ్య సంచీ సర్దింది కూడా ఆమే.

అదే రోజు కైరోనుంచి ఫిక్రీ అనే కుర్ర ఇంజనీరు దిగాడు. తఫీదా ఇంటి పక్కన ఇసుకలో పూడిపోయిన గుండ్రటి ఊటబావి ఉంది. దాన్ని నమ్ముకున్న నేరేడు, ఖర్జూర తోటలు ఎండిపోతున్నాయి. పెద్దలు ఎప్పుడూ ఊట కన్ను నట్టనడుమ ఉండేట్టు చుట్టూ రాతి గట్టు కట్టేవారు. ఇప్పుడు ఆ గట్టులో కొసకు మూడు రాళ్ళే పైకి కనిపిస్తున్నాయి. బావి మొత్తం తవ్వాలంటే నెలలు పడుతుంది. నడుమ ఎక్కడో తెలిస్తే ఒక్క గొయ్యి చాలు.

ఇన్షిరాహ్ ముందురోజే సందు మొదట్లో మూలరాయి దగ్గర్నుంచి ఆ మూడు రాళ్ళనీ కొలిచింది. ఒక్కొక్కటి తూర్పుకు ఎంత, ఉత్తరానికి ఎంత అని కాగితం మీద వేసుకుంది.

"ఈ మూడిటికీ సమానమైన దూరంలో ఉండే చోటు ఒక్కటేనమ్మా. దాన్ని పట్టుకుని సమీకరణం రాస్తే, కనపడని గట్టంతా కాగితం మీదికొచ్చి కూర్చుంటుంది."

"తవ్వకుండానే?"

"తవ్వకుండానే."

కోయకుండానే దానిమ్మలో గింజలు లెక్కచెప్పిన మనిషిని చూసినట్టు తఫీదా కూతుర్ని చూసింది. ఆ అబ్బురం ఆమెకు రాత్రంతా దిగలేదు.

తెల్లారాక ఇన్షిరాహ్ కాగితం తల్లి చేతిలో పెట్టి, బడిలో వీడ్కోలు చెప్పిరావడానికి వెళ్ళింది. తఫీదా దాన్ని ఇంజనీరుకు రెండు చేతులతో అందించింది. కేంద్రం తూర్పుకు తొమ్మిది మీటర్లు, ఉత్తరానికి రెండు. కాగితం మీద మాత్రం దిక్కుల పేర్లు లేవు, బ్రాకెట్లో రెండేసి అంకెలే, ముందు తూర్పుది, తరవాత ఉత్తరానిది. ఆ ఊరి బడిలో లెక్క కూడా అరబ్బీ అక్షరాల్లాగే కుడినుంచి ఎడమకు నడుస్తుంది. ఫిక్రీ క్రైస్తవ సన్యాసినుల బడిలో చదివాడు, ఆపైన ఇంగ్లీషు కాలేజీ. ఉత్తరం రాస్తే కుడినుంచే మొదలుపెడతాడు కానీ, అంకె కనపడితే అతని కన్ను తనంతట తనే ఎడమ కొసకు పోతుంది. తూర్పుకు రెండు, ఉత్తరానికి తొమ్మిది కొలిచాడు. టేపు పెరట్లోంచి గడప దాటి, తఫీదా పొయ్యి ముందు ఆగింది.

"అమ్మా, ఇక్కడే వస్తోందండీ," అన్నాడు నసుగుతూ.

తఫీదా ఒక్క క్షణం కూడా సందేహించలేదు. "నా కూతురి లెక్క తప్పదు బాబూ. పొయ్యి ఇటు జరపనా?"

కూలీలు గునపాలు దించారు. గోడ అవతల హాజీ మెహ్రాన్ చెవికి ఆ చప్పుడు సోకింది. కైరో ఆఫీసరొచ్చి ఇంట్లో తవ్విస్తున్నాడంటే ఆ దేశంలో దానికి ఒకటే అర్థం: కింద ఫరోల బంగారం బయటపడింది. తన వాటా పోకుండా హాజీ తన వైపునుంచి గోడ వారనే తవ్వడం మొదలుపెట్టాడు. ఆయన భార్య పరమ రహస్యమని వొట్టు వేయించుకుని ఇద్దరికి చెప్పింది. కాసేపటికి పెరడు నిండిపోయింది. పోలీసు హవల్దారు తవ్వకం ఆపించడానికి వచ్చి, ముందు లోపల ఏముందో చూడాలని గోతి పక్కన గొంతుక్కూర్చున్నాడు. బస్సు డ్రైవరు బస్సునీ జనాన్నీ ఎండలో వదిలేసి వచ్చి హవల్దారు భుజం మీదుగా తొంగిచూస్తున్నాడు.

ఇన్షిరాహ్ వచ్చేసరికి ఇంట్లోకి దారి లేదు. చేతులు మారి సంచీ ఆమెకు చేరింది. గడప దగ్గర నిలబడి తల్లి కోసం చూస్తుండగా, హాజీ గునపం గోడను పొడుచుకుని ఇవతలికి వచ్చింది. గూట్లో ఉన్న నీళ్ళకుండ ఒరిగి, కింద పడి పగిలింది.

అందరూ గునపాలు ఆపి ఇన్షిరాహ్ వంక చూశారు. వెళ్ళేవాళ్ళ వెనక కుండ పగిలితే వాళ్ళు మళ్ళీ రారు. కిట్టని చుట్టాలు గడప దాటగానే అక్కడివాళ్ళు కావాలనే పగలగొడతారు.

తఫీదా జనాన్ని తోసుకొచ్చి సంచీ పట్టీ పట్టుకుంది. "నువ్వు పోవడం లేదు," అంది.

ఇన్షిరాహ్ గోతినీ, అందులో నడుంవరకూ ఉన్న ఇంజనీరునీ చూసింది.

"కాగితం ఎటునుంచి చదివారు?"

"ఎడమనుంచి."

"మేం కుడినుంచి రాస్తాం."

ఫిక్రీ వాదించలేదు. గోతి అంచున మట్టిమీద వేలితో గట్టురాళ్ళ అంకెలు ఈసారి కుడినుంచి చదివి రాసుకుని, ముందు తన కేంద్రంతో సరిచూశాడు. ఒక్క రాయీ కుదరలేదు. తరవాత ఆమె కేంద్రంతో చూశాడు. తూర్పు తేడాని దానితోనే గుణించి, ఉత్తరం తేడానీ అలాగే గుణించి కలిపితే, మొదటి రాయికి ఇరవై అయిదు. రెండోదానికీ ఇరవై అయిదు. మూడోదానికీ అంతే.

"మూడూ కూర్చున్నాయి," అన్నాడు మెల్లగా. అలా అంటున్నప్పుడు అతను అంకెల వంక చూడటం లేదు. కంట్లో నలుసు పడిందేమో అనుకుంది తఫీదా.

ఊరు ఊరంతా ఇసుక మీదికి తరలింది. గునపాలు ఎలాగూ చేతుల్లోనే ఉన్నాయి కనక హవల్దారూ, హాజీ కూడా సాయం పట్టారు. ముందు చల్లటి తడి తగిలింది, ఆపైన బురద, ఆ బురదలోంచి ఊట కన్ను బుడగలతో తెరుచుకుంది. తోటల ముసలివాళ్ళు ఇన్షిరాహ్ తల నిమిరి వెళ్ళారు. డ్రైవరు ఆ నీళ్ళతో మొహం కడుక్కుని, ఇక బయల్దేరతానన్నాడు.

తఫీదా పట్టీ ఇంకా వదల్లేదు.

"అమ్మా, కుండ పగిలినప్పుడు నేనెటు తిరిగి ఉన్నాను?"

"నా వైపే."

"మరి నా వెనక ఏముంది?"

తఫీదా కళ్ళు మూసుకుని ఆలోచించింది. "వీధి," అంది.

"అంటే కుండ నా ముందు పగిలింది. అది లెక్కలోకి రాదు."

కూతురి లెక్క తప్పదు. తఫీదా ఒక్కొక్క వేలే సడలించి పట్టీ వదిలింది. బస్సు కనుమరుగయ్యాక ఇంటికి వచ్చి, పెంకులు ఏరుకుంటూ, ఆ వేళ కుండకు వీపు పెట్టి ఎవరున్నారా అని తలుచుకుంది. గోతిలో వంగి మట్టి ఎత్తుతున్న కుర్ర ఇంజనీరు ఒక్కడే ఉన్నాడు. అతనికి ఆ సంగతి చెప్పలేదు. పప్పన్నం పెట్టింది.

ఫిక్రీ నీటి ధార కొలవాలని ఆగాడు. గట్టు రాళ్ళు పేర్పించాలని ఆగాడు. తఫీదా వంటిల్లు తన ఖర్చుతో పూడ్పించాలనీ ఆగాడు. శిక్షణ ముగించుకుని ఇన్షిరాహ్ అన్నరోజుకే బస్సు దిగింది. ఆ ఏడు నేరేళ్ళు విరగకాసినప్పుడు వాళ్ళ పెళ్ళి, గట్టు పక్కనే జరిగింది.

కైరోలో ఒక తల్లి ఒక్కరోజు పనికని రెండు చొక్కాలు సర్ది పంపిన కొడుకు ఫిక్రీ, 1988 అక్టోబరు పదకొండున ఇల్లు వదిలాడు, తిరిగి రాలేదు.