మెత్త సలహా, గట్టి సలహా

కాశప్పకు బీపీ కంటే మిరపకాయ బజ్జీ దూరమైందన్న దిగులే ఎక్కువ. డాక్టరు జబ్బు పేరు చెప్పిన రోజే భార్య నాగవేణి బాణలిని అటకెక్కించింది.

ఈసారి అతను కావాలనే ఒంటరిగా ఎమ్మిగనూరు బస్సెక్కి, డాక్టరును బజ్జీ గురించి అడిగి అడిగి విసిగించాడు. ఆయన ఓపిగ్గానే చెప్పాడు. వైద్యంలో సలహాలన్నీ ఒకే బరువు కావట. రుజువు బలంగా ఉంటే గట్టి సలహా, పాటించి తీరాలి. రుజువు పలచగా ఉంటే మెత్త సలహా, రోగి ఇష్టం చూసి ఇంట్లో మాట్లాడుకుని తేల్చుకోవచ్చు. ఎప్పుడో ఓసారి ఒక్క బజ్జీ కూడా తినొద్దనేది ఆ రెండో రకం.

తిరిగి సొంతూరు ఆదోని చేరేదాకా కాశప్ప తనలో తాను నవ్వుకుంటూనే ఉన్నాడు. ఇంట్లో చెప్పులైనా విప్పలేదు.

"బజ్జీ మానమనేది ఉత్త మెత్త సలహా అంటనే. నా ఇష్టం సూసి, ఇంట్లో మాట్లాడుకోమన్నాడు డాక్టరు."

బియ్యం ఏరుతున్న నాగవేణి తలెత్తలేదు. ఇద్దరూ ఒకప్పుడు పత్తి జిన్నింగు మిల్లులో పనిచేసినవాళ్లే. దూదిని వేళ్లతో లాగి అది ఏ రకమో చెప్పడంలో ఆమెకు పేరుండేది.

"మెత్తది ఉందంటే గట్టిది గూడా ఉండాల గదా. అదేంది?"

కాశప్పకు ఉన్నట్టుండి దాహం వేసింది. చెంబెడు నీళ్లు తాగినా ఆమె వదల్లేదు. రోజూ మాత్ర, రోజూ నడక అని ఒప్పుకోక తప్పలేదు. సందు చివరికి కూడా ఆటో ఎక్కే మనిషి.

ఆమె చేట పక్కన పెట్టి, అతన్ని స్టేషను దగ్గరి బజ్జీ బండిదాకా నడిపించింది. ఆ రోజుల్లో మిల్లు సైరను మోగగానే దూది అంటిన తలలతో ఇద్దరూ వచ్చేది ఈ బండికే. అప్పటి ముసలాయన పోయాడు, కొడుకు వేయిస్తున్నాడు. నూనె వాసన మాత్రం అదే. ఆ రోజులు ఎంత బాగుండేవో అనిపించి కాశప్పకు కళ్లు చెమర్చాయి. కొంత బజ్జీ కోసం కూడా కావచ్చు.

నాగవేణి పొట్లం కొని, ఊదుకుంటూ తింటోంది.

"నాకేదే?"

"మాట్లాడుకుని తేల్సుకోమన్నాడంటివి గదా. ఇంకా తేల్లేదు." ఆమె ఇంకోటి తీసుకుంది. "ఆ దినాల్లో నా బజ్జీలు గూడా నువ్వే తింటాంటివి. కొత్త పెండ్లికూతుర్ని, సిగ్గుపడి ఊరకుంటి. వాటి రుసి ఇప్పుడు సూస్తాండా."

పొట్లంలో ఇంకెన్ని మిగిలాయో కాశప్ప తొంగి చూశాడు. ఆఖరికి ఆమె చిన్న కొన తుంచి అతని చేతిలో పెట్టింది. రేపు నడిస్తే రేపటి సంగతి రేపు మాట్లాడుకుందామంది.

అతను దాన్ని నమలగలిగినంత సేపు నమిలి, అలవాటుగా ఆటోకు చెయ్యెత్తాడు. నాగవేణి అతనివైపు చూసింది. ఆ చెయ్యి మెల్లగా దించి, ఆమె వెనకే ఇంటిదారి పట్టాడు.