చంకలో ఫ్లాస్కు, మంచం కింద గోఫియో

కుక్కల విషయంలో నాకెవరూ పాఠాలు చెప్పనక్కర్లేదని మా ఆవిడ సుల్మాకు పెళ్లయిన కొత్తలోనే చెప్పాను. ఆ మాట నిరూపించుకునే అవకాశం ముప్పై ఒక్క ఏళ్ల తర్వాత, మొన్న వేసవి చివర్లో వచ్చింది. వీధికుక్కల ఆశ్రమం నుంచి ఒకదాన్ని తెచ్చుకున్నాం. బక్కచిక్కి ఉంటుంది, ఒక చెవి నిలబడితే రెండోది వాలిపోతుంది. వేయించిన మొక్కజొన్న పిండి రంగు. మా మోంతెవిదెయోలో ఆ పిండిని గోఫియో అంటాం. సుల్మా దానికి ఆ పేరే పెట్టేసింది.

ఆశ్రమం నడిపే ఎర్సిలియా గారిని మా వీధిలో అందరూ 'కస్టమ్స్ ఆఫీసు' అంటారు, వెనకనే అనుకోండి. ఆవిడ తనిఖీ చెయ్యకుండా ఏదీ గడప దాటదు.

"పదిహేను రోజులు ఉంచుకోండి. ఆ శనివారం నేనొస్తా. ఇంట్లో ఏ ఒక్కరికి భయపడుతున్నా తీసుకుపోతా. ఇప్పటికే రెండిళ్ల నుంచి తిరిగొచ్చింది," అందావిడ.

"పదిహేనెందుకండీ, మూడు రోజులు చాలు," అన్నాను.

సుల్మా నా వైపు చూసింది. కుళాయి నేనే బాగు చేస్తానని పానా పట్టుకున్నప్పుడల్లా అలాగే చూస్తుంది.

మొదటి రోజే గోఫియో సుల్మా చేతిలో బ్రెడ్డు తింది, సుల్మా వెంట వంటింట్లోకి వెళ్లింది, సుల్మా కుట్టుమిషను కింద పడుకుంది. నేను గదిలోకి అడుగు పెట్టగానే మాత్రం మంచం కిందికి దూరి, గోడకు అతుక్కుపోయింది.

"కొత్త కదా," అన్నాను.

"నేనూ కొత్తే," అంది సుల్మా.

నాలుగో రోజు పథకం వేశాను. కుక్కకు మనిషంటే వాసన. సుల్మా వాసన నాకు పట్టిస్తే నేనే సుల్మా. ఆవిడ వంటింటి ఏప్రన్ కట్టుకున్నాను, ఆవిడ సెంటు మెడకు పూసుకున్నాను, ఎప్పటిలాగే వేడినీళ్ల ఫ్లాస్కు చంకలో ఇరికించి, టీలా తాగే మాతె ఆకు నింపిన సొరకాయ బుర్ర చేత పట్టుకుని, గొట్టంతో పీల్చుకుంటూ మంచం దగ్గరికి బయల్దేరాను. అంతలో తలుపు చప్పుడైంది. గ్యాసు సిలిండరు తెచ్చినతను నన్ను కిందా మీదా చూశాడు.

"అమ్మగారూ, అయ్యగారు లేరా?" అన్నాడు.

వీధి చివరి దాకా అతని నవ్వు వినిపించింది. గోఫియో మంచం కింద నుంచి కదల్లేదు.

ఆదివారం పక్కటెముకల మాంసం కాల్చాను. మంచం దగ్గర నుంచి నా కుర్చీ దాకా వరసగా ఎముకలు పేర్చి, ఆఖరిది చేత్తో పట్టుకుని కూర్చున్నాను. ఒక్కొక్కటే కొరుక్కుంటూ వచ్చింది. నాకు రెండడుగుల దూరంలో ఆగి, నన్ను ఎగాదిగా చూసి, వెనక్కి పరిగెత్తింది. ఆఖరి ఎముక నేనే తిన్నాను.

"నీ వాటా నీకు దక్కింది," అంది సుల్మా.

"రేపటికి చూడు. నా ఒళ్లో ఉంటాడు."

"నీ ఒళ్లో పొట్టకే చోటు సరిపోవట్లేదు."

సరదాగానే అంది గానీ పదో రోజు సాయంత్రం వంటింటి గుమ్మం దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. లోపల సుల్మా గోఫియోతో మాట్లాడుతోంది. "మంచాడేరా మా ముసలాడు. కాస్త గోల మనిషి, అంతే. నాకోసం కాస్త సర్దుకోరా," అంటోంది. గొంతులో దిగులుంది. బడిలో కుట్టుపని నేర్పే ఉద్యోగం చలికాలంలో వదిలేసినప్పటి నుంచి ఈ ఇంట్లో ఆవిడ నవ్వు తగ్గిపోయింది. ఈ పది రోజుల్లోనే మళ్లీ విన్నాను. కుక్క వెళ్లిపోతే నా వల్లే వెళ్తుంది. అంత భయం నాకు ఒకప్పుడు ఆపరేషను బల్ల ఎక్కినప్పుడు కూడా వెయ్యలేదు.

మర్నాడు లేచేసరికి నా ఫ్లాస్కు కనిపించలేదు.

మోంతెవిదెయోలో ఫ్లాస్కు పోయిన మనిషిని మీరు చూసి ఉండరు. పొద్దున లేస్తూనే చంకలో పెట్టుకుంటాం, మళ్లీ నడుం వాల్చేటప్పుడే దింపుతాం. బస్సెక్కినా, పెళ్లికెళ్లినా అది అక్కడే. అల్మారాలు వెతికాను, బాత్రూమ్ వెతికాను, చివరికి మోకాళ్ల మీద వంగి మంచం కిందికి తల దూర్చాను. ఎదురుగా రెండు కళ్లు. ఇద్దరం కాసేపు అలాగే చూసుకున్నాం. అది మెల్లగా ముందుకు పాకి, నా చెవి నాకింది.

"సుల్మా, వచ్చాడే. వాసన పథకం వారం ఆలస్యంగా పనిచేసింది," అని కేకేశాను.

సుల్మా వంటింట్లో ఓవెన్ తెరిచి, నా ఫ్లాస్కు తీసి తన చంకలో పెట్టుకుని వచ్చింది. అంతే, గోఫియో మళ్లీ గోడకు అతుక్కుంది. ఈసారి సుల్మాను చూసి.

"ఎవడో ఇలాంటిదాంతోనే కొట్టుంటాడు పాపం. మూడో రోజే అనుమానమొచ్చింది, నిన్న రూఢి చేసుకున్నా," అంది.

"నాతో ఒక్క మాట అనొచ్చుగా."

"ఫ్లాస్కు తియ్యమంటే చెయ్యి తియ్యమన్నట్టు ఏడుస్తావు. దొంగతనమే సులువు."

ఆ రోజు నుంచి నా మాతె బస్టాపు బెంచీ మీదికి మారింది. ఇంట్లో నా రెండు చేతులూ ఖాళీ. ఏం చెయ్యాలో తోచక గోఫియోను నిమిరేవాణ్ణి. అది నా వెనకాలే తిరగడం మొదలుపెట్టింది.

శనివారం సరిగ్గా పదింటికి కస్టమ్స్ ఆఫీసు వచ్చింది. తలుపు తీసి చూస్తే, ఆవిడ చంకలో ఇంత పొడుగు ఫ్లాస్కు.

ఊరంతటికీ ఫ్లాస్కులుంటాయన్న సంగతి నాకెలా తట్టలేదో మరి. కళ్లతో సైగ చేశాను.

"కంట్లో నలుసు పడిందా?" అంటూ ఆవిడ లోపలికొచ్చేసింది.

గోఫియో చూసింది. తోక ముడిచి, గోళ్లు నేల మీద జారుతుండగా గదిలో ఒక చుట్టు తిరిగింది. అయిపోయిందనుకున్నాను. మంచం దాటింది, సుల్మాను దాటింది, సూటిగా వచ్చి నా మోకాళ్ల మధ్య తల దూర్చి నిలబడింది. ఒళ్లంతా వణుకుతోంది. వంగి దాని వీపు మీద చెయ్యి వేశాను.

ఎర్సిలియా గారు ఫ్లాస్కు గుమ్మం బయట పెట్టి వచ్చి, కాగితం తీసి సంతకం చేసింది.

"భయమేస్తే మీ దగ్గరికే వచ్చింది. ఇంక నేను చూసేదేం లేదు," అని వెళ్లిపోయింది.

నేను వీధిలోకి వెళ్లి నాలుగిళ్లు తిరిగొచ్చాను. వచ్చేసరికి సుల్మా గోఫియో దుప్పటి దులుపుతోంది.

"ఆవిడ మాతె తాగుతుందని నాకు తెలీదే," అన్నాను.

"తాగదు. కడుపులో మంట. భయమేస్తే వాడు ఎవరి దగ్గరికి పోతాడో ఆవిడ కళ్లారా చూడాలని నేనే ఫోన్ చేసి, ఫ్లాస్కు పట్టుకు రమ్మన్నా."

"నీకేమైనా మతిపోయిందా? వాడు మంచం కిందికి దూరితే?"

"దూరడు. నువ్వు మధ్యాహ్నం గురకపెట్టేటప్పుడు నాలుగు రోజులుగా నీ పాదాల మీదే పడుకుంటున్నాడు. నువ్వు కదిలేలోపు దిగిపోతాడు."

నా పాదాల వైపు చూసుకున్నాను. "ఇంత సంగతి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఈపాటికి వీధిలో రెండిళ్లకెళ్లి, కుక్కను నేనే మచ్చిక చేశానని చెప్పొచ్చేవాడివి."

రెండు కాదు నాలుగని నేను దిద్దలేదు. గోఫియో పక్కన నేల మీద కూర్చుని, దాని వాలిన చెవి వెనక గోకుతూ ఉండిపోయాను.